లేని వాసన

ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన కొడుకు విడిచిన బనియన్లు పెట్టడానికి వెంకాయమ్మ ససేమిరా ఒప్పుకోలేదు.

"తినే వస్తువుల మధ్య చెమట గుడ్డలేంటే? నలుగురూ వింటే నవ్విపోతారు. చదువుకుంటే రోత కూడా పోద్దా ఏంటి?" అని కూతురి మీద ఎగిరింది.

"కవర్లో పెట్టి మూతి అతికించేస్తాం కదమ్మా. గాలి కూడా బయటికి రాదు" అంది శేషుకుమారి.

"రాకపోతే మాత్రం? అది అక్కడుందని నాకు తెలుసుగా!"

గడప మీద కూర్చున్న నాంచారయ్య ఈ గొడవంతా విని, "నా బనియన్ నీ పెరుగునేం చెయ్యదులే అమ్మా. నీ పెరుగు పులుపుకి నా బనియనే పాడవుద్దేమో చూసుకో" అన్నాడు. మందుల మూలంగా నాలుక మొద్దుబారి అతని మాట ముద్దముద్దగా వచ్చేది. ఎకసెక్కానికి మాత్రం ఏ లోటూ లేదు.

చివరికి వెంకాయమ్మే దిగివచ్చింది. ఫ్రిజ్ అడుగున ఉన్న అరను బనియన్లకి వదిలేసి, కూరగాయలను బుట్టలోకి మార్చుకుంది. అంతటితో ఆగలేదు. కొడుకు నెమ్మదిగా ఉన్న రోజు కవరుకి తెల్లదారం, గోడల్లోంచి ఎవరో తిడుతున్నారని చెవులు మూసుకుని తిరిగిన రోజు కవరుకి నల్లదారం కట్టడం మొదలుపెట్టింది. ఏది ఏ రోజుదో శేషు అడగాల్సిన పనే లేకపోయింది.

వాళ్ళది బందరు శివారులోని చిలకలపూడి. తండ్రి బతికున్నంత కాలం సాంబశివరావు గారి మిఠాయి కొట్టులో తొక్కుడు లడ్డు దంచేవాడు. శనగపిండితో వేయించిన పూసను దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోసుకుంటూ మళ్ళీ రోట్లో వెన్నలా అయ్యేదాకా దంచాలి. భుజాలు పడిపోయే పని. ఆయన పోయాక ఆ రోకలి నాంచారయ్య అందుకున్నాడు. అప్పటికే అతనికి గొంతులు వినబడుతున్నాయి. ఇంటర్ చదివేటప్పుడు మొదలైన జబ్బది. స్కిజోఫ్రీనియా అని ఆసుపత్రిలో చెప్పారు.

"రోకటి పోటు పడతా ఉంటే లోపలి వాళ్ళకి మాట్లాడే సందు దొరకదే శేషూ. వాళ్ళు కూడా పోటుకి తాళం వేసుకుంటా కూర్చుంటారు" అనేవాడు చెల్లెలితో.

ఒకసారి జబ్బు బాగా ముదిరి, పెద్ద మోతాదు మందు పెట్టాల్సి వచ్చింది. గొంతులు అణిగాయి. వాటితో పాటు మనిషీ అణిగాడు. పగలంతా మగత. పెదవి చివర ఎప్పుడూ చొంగ. చేతుల వణుకుతో రోకలి జారి పాదం మీద పడ్డాక, సాంబశివరావు గారే రిక్షాలో కూర్చోబెట్టి ఇంటికి పంపారు. కొట్టులో రోకలికి బదులు దంచే మర పెట్టించారు. అప్పట్నుంచీ నాంచారయ్యకి గడపే ప్రపంచం. మందు తగ్గిద్దామంటే జబ్బు ఏ రోజు తిరగబెడుతుందో ముందుగా తెలిసే దారి లేదు. తెలిసేసరికే చెయ్యి దాటిపోతుంది.

ఆ దారి కోసమే బనియన్లు.

శేషు పని చేసేది బెజవాడ అవతల ఒక పరిశోధన సంస్థలో. ఊరి బడిలో తెలుగులో చదువుకుని, డిగ్రీ దాకా నెట్టుకొచ్చి, అక్కడ ప్రయోగశాల సహాయకురాలిగా చేరింది. వారమంతా అక్కడే హాస్టల్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చేది. ఎక్కువ మాట్లాడదు. ఎవరూ చూడనిదాన్ని చూస్తూ కూర్చోవడం ఆమెకి చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆమె పై అధికారి డాక్టర్ మృదుల నమ్మకం ఏమిటంటే, ఈ జబ్బు తిరగబెట్టే ముందు చెమటలో ఒక పదార్థం పెరుగుతుందని. అది మనిషి ముక్కుకి అందేది కాదు. దాన్ని పట్టే పూత ఒకటి తయారు చేస్తే చాలు.

పట్టకారుతో బనియన్ తీసి గాజు జాడీలో వెయ్యడం, కొద్దిగా వేడి చెయ్యడం, జాడీలోని గాలిని పూత రాసిన రేకు మీదికి పంపడం. శేషు రోజంతా చేసే పని ఇదే. ఎన్నో పూతలు దండగయ్యాయి. ఒక మధ్యాహ్నం, తెల్లగా ఉన్న రేకు అంచుల నుంచి ఊదారంగు తిరగడం ఆమె చూసింది. కవరు మీద నల్లదారం. తర్వాతది తెల్లదారం. రేకు తెల్లగానే ఉండిపోయింది. ఆ తర్వాతదీ తెల్లదారమే కానీ రేకు ఊదా తిరిగింది. శేషు పూత తప్పేమో అనుకుంది. కాదు. నల్లదారాల వరస మొదలవడానికి కాస్త ముందుది ఆ బనియన్. అప్పటికి అన్నయ్య నవ్వుతూనే ఉన్నాడు. అమ్మకి కూడా తెలియలేదు. చెమటకి తెలిసింది.

డాక్టర్ మృదుల శేషుని గట్టిగా కావలించుకుంది. "దీన్ని చిన్న బిళ్ళలా చేసి చొక్కాకి పెడదాం. రంగు మారగానే ఇంట్లో వాళ్ళకి ఫోన్లో మెసేజ్ వెళ్ళేట్టు చూద్దాం" అంది.

"మా అమ్మకి మెసేజ్ చదవడం రాదు మేడమ్. బిళ్ళ రంగు మారితే చాలు. పెరట్లో అంట్లు తోముకుంటూ చూసినా కనబడాలి" అంది శేషు.

"భలే చెప్పావు" అంది డాక్టర్ మృదుల. అలా ఆ రంగు అందరికీ కనబడేలా తయారైంది.

బిళ్ళ చొక్కాకి ఎక్కాక నాంచారయ్య రోజులు మారాయి. ఆసుపత్రి డాక్టరు మోతాదు బాగా తగ్గించాడు. బిళ్ళ ఊదా తిరిగినప్పుడు కొన్నాళ్ళు పెంచడం, తెల్లబడగానే మళ్ళీ తగ్గించడం. గొంతులు పూర్తిగా పోలేదు. పక్కింట్లో రేడియోలా సన్నగా వినబడుతూ ఉండేవి. దానికేం, పక్కింటి రేడియోతో మనుషులు బతకడం లేదా? నాలుక తేలికయింది. వణుకు పోయింది. ఒకనాడు తనంతట తానే నడుచుకుంటూ వెళ్ళి మిఠాయి కొట్టు ముందు నిలబడ్డాడు.

"బాబాయ్, మీ మర చప్పుడు వీధి చివరికి వినబడతంది. అది లడ్డు చేస్తందా, రోడ్డేస్తందా?" అన్నాడు.

సాంబశివరావు గారు నవ్వి, గోడకి ఆనించిన రోకలి చేతికిచ్చారు. మరలో ఆడించిన లడ్డు గొంతుకి పట్టేస్తోందని అప్పటికే కొనేవాళ్ళు గొణుగుతున్నారు. నాంచారయ్య చెయ్యి పడ్డాక ఆ గొణుగుడు ఆగిపోయింది. శనివారం బస్సు దిగిన శేషుకి మలుపులోనే రోకటి పోటు వినబడేది. ఆ చప్పుడు విన్నాకే ఆమెకి ఇల్లు చేరినట్టుండేది. అన్నయ్య రోజంతా మనుషుల మధ్య ఉన్నాడు. అతని చేతి వంట ఊరు తింటోంది. ఇంతకన్నా ఆమె ఏమీ కోరుకోలేదు.

తర్వాత డాక్టర్ మృదుల పత్రికల వాళ్ళని పిలిచింది. చెమటలో ఒక ఆమ్లం అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. అందరికీ అర్థమయ్యేలా చెప్పాలన్న తాపత్రయంతో, "ఒక విధంగా ఇది జబ్బు వాసన" అంది. మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో పడింది: పిచ్చిని వాసన పట్టే బిళ్ళ.

బిళ్ళ హక్కులు కొన్న కంపెనీ దానితో ఒక పెట్టె తయారుచేసింది. గుమ్మం పక్కన గోడకి తగిలిస్తారు. లోపలికొచ్చే మనిషి చెమటలో ఆ పదార్థం ఎక్కువగా ఉంటే పెట్టె ముఖం ఊదారంగుకి తిరుగుతుంది. ముందు కల్యాణమండపాల వాళ్ళు తగిలించారు. తర్వాత హాస్టళ్ళు. తర్వాత హోటళ్ళు. 'మా వద్ద పెట్టె కలదు' అని బోర్డులు లేచాయి. మంచినీళ్ళు శుద్ధి చేశామని రాసుకున్నంత ధీమాగా రాసుకున్నారు.

పెట్టె ఊదా తిరిగిందంటే ముక్కు మూసుకోవడం మొదలైంది. తర్వాత పెట్టె తిరగకముందే మూసుకున్నారు.

సాంబశివరావు గారి కొట్టుకి జలజాక్షమ్మ గారు పాత ఖాతాదారు. బడిలో పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. మనవల కోసం తరచూ లడ్డు కొనేది. ఒకరోజు పొట్లం చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించింది.

"ఏంటండీ ఇది, ఏదో వాసనేస్తంది."

"కొత్త నెయ్యమ్మా" అన్నారు సాంబశివరావు గారు.

"నెయ్యి వాసన నాకు తెలవదా? ఇది వేరే. ముగ్గిపోయిన వాసన." ఆమె చూపు లోపల రోలు దగ్గరికి, అక్కడ్నుంచి నాంచారయ్య చొక్కా మీది బిళ్ళకి వెళ్ళింది. ఆ రోజు బిళ్ళ తెల్లగానే ఉంది. "ఆ అబ్బాయి చేత్తోనేనా ఇది?"

ఆమె పొట్లం బల్ల మీద పెట్టేసి, వేళ్ళని పైటకొంగుకి తుడుచుకుంది. తుడుచుకున్న కొంగుని తన ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని మెట్లు దిగింది.

ఆ తర్వాత అందరికీ వాసన వచ్చింది. సాంబశివరావు గారికి పెట్టె తగిలించక తప్పలేదు. నాంచారయ్యని రోలు దగ్గర్నుంచి లేపి, వెనక పెరట్లో గంగాళాలు తోమమన్నారు. రెండు రోజులకే, తోమిన గంగాళాలకీ వాసన పట్టిందన్నారు.

"నాకేం పట్టింపు లేదురా అబ్బాయ్. నాకసలు ముక్కే సరిగా పనిచెయ్యదు. కానీ బేరం చూడాలి కదా. కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండు" అన్నారు తల గోక్కుంటూ.

ఆ శనివారం శేషుకి మలుపులో మర చప్పుడే వినబడింది. ఇంటికి వచ్చేసరికి నాంచారయ్య నూతి దగ్గర ఒళ్ళు తోముకుంటున్నాడు. గంగాళాలు తోమే పీచుతో, బట్టల సబ్బుతో తోముతున్నాడు. చంకల కింద చర్మం చెక్కుకుపోయి ఎర్రగా ఉంది.

"పొద్దున్నించీ ఇదే వరస. తోమటం, వాసన చూసుకోటం, మళ్ళీ తోమటం. చెప్తే వినడు" అంది వెంకాయమ్మ ఏడుపు దిగమింగుకుంటూ.

శేషు బతిమాలి లోపలికి తీసుకొచ్చి, పుళ్ళకి కొబ్బరినూనె రాసింది. ఒళ్ళు తుడిచి తొడిగిన చొక్కా మీద బిళ్ళ లేత ఊదాలోకి దిగుతోంది. దిగదూ మరి? నిద్రలేక, బెంగతో మనిషి నలిగిపోతుంటే జబ్బు కాచుకుని కూర్చోదూ? నాంచారయ్య గూట్లోంచి చిన్న పొట్లం తీశాడు. రోలు దగ్గర ఆఖరి రోజున చేసిన లడ్డు.

"నీకోసం దాచాను. తిని చెప్పు, ఎలా ఉందో."

శేషు చెయ్యి చాపింది. చాపిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. తడిసిన గోనెసంచీ, పాతబడిన నూనె కలిసినట్టు ఒక వాసన ఆమె ముక్కుని తాకింది. తనకి తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేసింది.

నాంచారయ్య ఆ అడుగు చూశాడు.

"నీకూ వచ్చిందా?" అన్నాడు. కోపంగా అనలేదు. వాన పడుతోందా అని అడిగినట్టు అడిగాడు. పొట్లం మడిచి గూట్లో పెట్టేశాడు.

సోమవారం శేషు ప్రయోగశాలకి వెళ్ళింది. ముక్కుకి అందని పదార్థమని తను స్వయంగా తేల్చిన నిజం ఒక పక్క, ఇంకా గొంతులో మసులుతున్న ఆ వాసన మరో పక్క. తోటి ఉద్యోగి ఫరీదాని పిలిచి, జాడీలు వరసగా పెట్టమంది. అన్నయ్య బనియన్లు కొన్ని, వేరేవాళ్ళవి కొన్ని, ఎవరూ తొడగనివి కొన్ని. ఏది ఎక్కడ పెట్టిందో తనకి చెప్పొద్దంది.

శేషు కళ్ళకి గుడ్డ కట్టుకుని ఒక్కో జాడీ మూత తీసి పీల్చింది. కొన్ని దాటాక ఆగింది. అదే. తడిసిన గోనెసంచీ. పాత నూనె.

"ఇదే ఫరీదా. ఇది మా అన్నయ్యది."

గుడ్డ విప్పి చూస్తే, జాడీలో షాపు మడత కూడా చెదరని కొత్త బనియన్. నల్లదారం బనియన్ల జాడీలు ఆమె ఏమీ లేదని పక్కకి నెట్టిన వాటిలో ఉన్నాయి.

శేషు అక్కడే బల్ల మీద కూలబడింది. ఆ వాసన ఎక్కడా లేదు. అయినా తనకి వచ్చింది. ఇంకా వస్తూనే ఉంది.

డాక్టర్ మృదుల దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పింది. ఆమె శ్రద్ధగానే విన్నది. "జనం అజ్ఞానానికి మనం ఏం చెయ్యగలం శేషూ? మనుషుల ముక్కుకి అందదని మన వ్యాసంలో స్పష్టంగా రాశాం. అసలు సంగతి చూడు. బిళ్ళ పెట్టుకున్న రోగులు ఆసుపత్రిలో చేరడం సగానికి సగం తగ్గింది. వాళ్ళ జీవన నాణ్యత ఎంత పెరిగిందో" అంది. జీవన నాణ్యత కొలిచే ప్రశ్నలు శేషుకి కంఠతా వచ్చు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, భయం తగ్గిందా. నీ చేతి మిఠాయి ఎవరైనా తిన్నారా అన్న ప్రశ్న వాటిలో లేదు.

ఆమె మాటలు వింటుంటే ఆ గది, ఆ తెల్ల గోడలు, ఆ జాడీలు అన్నీ శేషుకి వెగటు పుట్టించాయి. అన్నిటికన్నా తన ముక్కంటే తనకే ఎక్కువ వెగటు పుట్టింది.

ఆ వారం సెలవు పెట్టి ఇంటికొచ్చి, అన్నయ్య ముందు కూర్చుని జరిగింది దాచకుండా చెప్పింది. నాంచారయ్య చాలాసేపు విన్నాడు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ మధ్య అతను అలా నవ్వడం ఎవరూ చూడలేదు.

"అయితే నాకు లేనివి వినబడతన్నాయి, మీకు లేనివి వాసనొస్తన్నాయి. మరి మాత్రలు నాకొక్కడికేనేంటే? ఊరంతటికీ పంచండి!"

వెంకాయమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులు చూశాకే శేషుకి ధైర్యం వచ్చింది. ఊరికి కూడా ఇలాగే చూపిస్తే? తను నమ్మినట్టే వాళ్ళూ నమ్మరా?

సాంబశివరావు గారు మొదట జంకారు. కానీ మర లడ్డుతో బేరం పడిపోతోంది, ఆయనకీ నాంచారయ్య చెయ్యి కావాలి. సరేనన్నారు. తెల్లవారుజామున పెరట్లో నాంచారయ్య దంచాడు. బిళ్ళ తెల్లబడలేదు, ఊదాగానే ఉంది. కావాలనే శేషు ఆ రోజు ఎంచుకుంది. కొట్టు తెరిచాక, పాత ఖాతాదారులను కూర్చోబెట్టి, రెండు పళ్ళాలు ముందు పెట్టింది. ఒకదాంట్లో మర లడ్డు, ఒకదాంట్లో అన్నయ్య లడ్డు. ఏది ఏదో చెప్పకుండా వాసన చూసి, తిని చెప్పమంది.

జలజాక్షమ్మ గారు మొదటి పళ్ళెం ముక్కు దగ్గరికి తీసుకోగానే తల తిప్పేసుకుంది. "అమ్మో, ఇదే. ఇదే ఆ వాసన. తీసెయ్ ఇక్కడ్నించి." రెండో పళ్ళెంలోది కొరికి కళ్ళు మూసుకుంది. "ఇదీ లడ్డంటే. నోట్లో పెట్టుకుంటే కరిగిపోవాలి. ఇంకోటి ఇలా ఇవ్వమ్మాయ్." మిగతావాళ్ళూ తలలూపారు. ఒకాయన వేళ్ళు కూడా నాక్కున్నాడు.

"మీకు వాసనొచ్చిన పళ్ళెం మరలోదండీ. మీరు రెండోసారి అడిగి తిన్నది మా అన్నయ్య దంచింది" అంది శేషు.

శేషు వాళ్ళ మొహాల్లోకి చూసింది. ఇప్పుడు నవ్వుతారు, సిగ్గుపడతారు అనుకుంది. జలజాక్షమ్మ గారి మొహం పాలిపోయింది. లేచి గబగబా మెట్లు దిగి, మురుగుకాలవ మీదికి వంగి, నోట్లో వేళ్ళు పెట్టుకుంది.

"మోసం చేసి తినిపిస్తావా?" అంది దగ్గుతూ. "ఎంత ధైర్యమే నీకు!"

"వాసన లేదు కదండీ. మీరే బాగుందన్నారు కదా!"

"లేకపోతే మాత్రం? తెలిసి తెలిసి ఎలా తింటారు ఎవరైనా?"

వేళ్ళు నాక్కున్నాయన ఆ వేళ్ళనే చొక్కాకి తుడుచుకుంటూ సాంబశివరావు గారి మీదికి లేచాడు. నమ్మకం మీద కొంటుంటే ఇలాంటివి పెడతావా అన్నాడు. ఇంకొకడు వీధిలోకి వెళ్ళి అందరికీ చెప్పాడు. పెరటి తలుపు సందులోంచి నాంచారయ్య చూస్తున్నాడు. భుజాన తువ్వాలు, చేతులకి ఇంకా నెయ్యి. కాలవలో పడుతున్నది తన చేతి లడ్డే.

తర్వాత రోజుల్లో ఒకరోజు అతను ఒంటరిగా ఆసుపత్రికి వెళ్ళి, పాత మోతాదు రాయించుకుని వచ్చాడు.

"అదేస్తే నీ చేతులు మళ్ళీ వణుకుతాయి కదరా" అంది వెంకాయమ్మ.

"బిళ్ళ తెల్లగా ఉంటదమ్మా. ఎప్పుడూ తెల్లగానే ఉంటది" అన్నాడు.

అలాగే అయింది. బిళ్ళ పాలలా తెల్లబడింది. నాలుక మొద్దుబారింది. కళ్ళు సగం మూతపడ్డాయి. పెదవి చివర చొంగ తిరిగొచ్చింది. కొట్టు గుమ్మంలో అందరి ముందూ పెట్టె ఎదురుగా నిలబడితే, పెట్టె తెల్లగా ఉండిపోయింది. సాంబశివరావు గారు సంతోషంగా మళ్ళీ పనిలో పెట్టుకున్నారు. వణికే చేతులకి రోకలి ఎలాగూ ఆనదు. అందుకని మరలో దంచిన పిండిని ఉండలు కట్టే పని ఇచ్చి, అందరికీ కనబడేలా ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

ప్రయోగశాలలో డాక్టర్ మృదుల తెర మీద ఒక రోగి బిళ్ళ రంగుని రోజువారీగా గీసిన గీత చూపించింది. కాస్త కూడా వంకరపోకుండా సాఫీగా సాగిన తెల్లగీత. "మీ అన్నయ్యదే శేషూ. ఇంత నిలకడ ఎవరిలోనూ చూడలేదు. వచ్చే సమావేశంలో ఇదే చూపిస్తాను" అంది. శేషు ఆ గీత వంక చూసింది. చప్పుడు లేని గీత. బయటికొచ్చి బస్సెక్కేసింది.

కొట్టు దగ్గర దిగేసరికి జనం బాగానే ఉన్నారు. నాంచారయ్య తల వంచుకుని ఉండలు కడుతున్నాడు. గుప్పిట వణుకుతుంటే ఉండ సరిగా కుదరక, మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నాడు. అతని పెదవి చివర్నుంచి సన్నని దారంలా చొంగ సాగింది. సాగి సాగి తెగి, చేతిలోని ఉండ మీద పడింది. అతను దాన్ని అలాగే నొక్కి పళ్ళెంలో పెట్టాడు.

ముందు నిలబడ్డ జలజాక్షమ్మ గారు పెట్టె వంక చూసింది. తెల్లగా ఉంది. చొక్కా మీది బిళ్ళ వంక చూసింది. అదీ తెల్లగా ఉంది.

"ఇప్పుడు చూడండి ఎంత శుభ్రంగా ఉన్నాడో. వాసనన్నదే లేదు" అని పక్కావిడతో అని, పళ్ళెంలోంచి ఆ ఉండనే తీసుకుని నోట్లో వేసుకుంది. నాంచారయ్య తలెత్తి ఆమె వైపు చూశాడు. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇంకాస్త చొంగ వచ్చింది. ఆమె చప్పరిస్తూ, "బాగుందబ్బాయ్" అంది దయగా.

శేషు కొట్టు పక్క సందులోకి వెళ్ళి భళ్ళున కక్కేసింది. తర్వాత లోపలికి వెళ్ళి, తన చున్నీతో అన్నయ్య మూతి తుడిచి, చెయ్యి పట్టుకుని లేవదీసింది. సాంబశివరావు గారు ఏదో అంటున్నా వినిపించుకోలేదు.

దారిపొడుగునా నాంచారయ్య ఏదో చెప్పడానికి తంటాలుపడ్డాడు. ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, ఒక్కో ముక్కా కూడదీసుకుని చెప్పాడు.

"నా చొంగ... పడింది శేషూ. చూశా. చెప్దామనుకున్నా. తినేసింది." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "నాకు కడుపులో తిప్పింది. ఆవిణ్ణి చూస్తే."

"నాక్కూడా అన్నయ్యా."

"పాత మందొద్దు ఇంక. తగ్గిద్దాం."

ఆసుపత్రి డాక్టరు నచ్చజెప్పబోయి, చివరికి సరేనన్నాడు. బిళ్ళని చొక్కా మీద కాకుండా లోపలి వైపు కుట్టింది వెంకాయమ్మ. బట్టలు మార్చేటప్పుడు తను చూస్తే చాలనుకుంది. మెల్లగా కళ్ళు తెరుచుకున్నాయి. మాట విడివడింది. గొంతులు మళ్ళీ సన్నగా మొదలయ్యాయి. శేషు ప్రయోగశాలకి మాత్రం తిరిగి వెళ్ళలేదు. ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు కూడా.

దసరా ముందు ఒక ఉదయం సాంబశివరావు గారు తనంతట తానే గుమ్మం ముందుకొచ్చారు. నాంచారయ్య పెరట్లో అద్దం పెట్టుకుని, నిలకడైన చేత్తో గడ్డం గీసుకుంటున్నాడు.

"ఆర్డర్లు నెత్తి మీద కూర్చున్నాయిరా అబ్బాయ్. మర లడ్డు ఎవడూ ముట్టటం లేదు. బిళ్ళ తెల్లగా ఉన్న రోజుల్లో వచ్చి రోలు దగ్గర కూర్చో. రంగు మారితే ఇంటికెళ్ళిపోదువు గాని. ఎవరితోనూ గొడవుండదు. ఏమంటావ్?"

వెంకాయమ్మ ఆశగా కొడుకు వంక చూసింది. అడిగినదంతా న్యాయంగానే ఉంది. రోలు తిరిగొస్తుంది. మలుపులో ఆ చప్పుడు తిరిగొస్తుంది.

నాంచారయ్య దవడ మీద మిగిలిన నురగ గీసి, కత్తి కడిగి, మొహం తుడుచుకున్నాడు. సాంబశివరావు గారి దగ్గరికొచ్చి, మర్యాదగా ఒక అడుగు దూరంలో ఆగాడు.

"రాలేను బాబాయ్. మీ కొట్టు వాసనొస్తంది."

"వాసనా? ఏం వాసనరా? పొద్దున్నే కడిగించాను కదా."

"ఏమో బాబాయ్. నాకు వస్తంది."

సాంబశివరావు గారు నవ్వాలో కోప్పడాలో తెలియక వెనుదిరిగారు. శేషు గుమ్మంలో నిలబడి ఆయన వెళ్ళినంత దూరం చూసింది. మలుపు దగ్గర ఆయన ఆగి, ఎవరూ చూడటం లేదనుకుని, చొక్కా కాలరు ముక్కు దగ్గరికి లాక్కున్నారు. ఒకసారి పీల్చి, అనుమానంగా రెండోసారి పీల్చారు.